ఎండ చూడని రాయి

నూట పన్నెండో మీటరు దగ్గర జానెడు రాయి లేదు. లహరి రేకు పెట్టె ముందు గొంతుక్కూర్చుని మూడోసారి కొలిచింది. మాచర్ల అవతల గట్ల మీద యురేనియం కోసం బోర్లు వేయించే క్యాంపులో ఆమె జియాలజిస్టు. మిషను భూమిలోంచి లాగిన గుండ్రటి రాతి కడ్డీలను లోతు ప్రకారం పెట్టెల్లో పేర్పించి కాపాడటం ఆమె పని. అన్నిట్లోకీ పోగూడనిదే పోయింది.

అడుగున ఎర్రటి గ్రానైటు, దాని మీద తెల్లటి క్వార్ట్‌జైటు రాయి. అవి రెండూ కలిసేచోటే ఇక్కడ యురేనియం చేరుతుంది. ఆ రెంటి మధ్య కోట్ల ఏళ్లు గల్లంతయ్యాయి. అన్నేళ్లూ ఏం జరిగిందో చెప్పడానికి ఒక్క పొర కూడా మిగల్లేదు. ఆ అతుకు మీద చెయ్యి వేసినప్పుడల్లా లహరికి ఒళ్లు జలదరించేది. ఇంత చదువుకుని ఇదేం పిచ్చి అని తనను తానే తిట్టుకునేది.

పెట్టెలుండే షెడ్డు రెండో తాళంచెవి పుల్లారావు దగ్గర ఉంటుంది. ఆరేళ్లుగా ఆ రాళ్లు కడిగి సర్దే మనిషి. నడుం పట్టిందని రెండు రోజులుగా రావడం లేదు. లహరి రేడియేషన్‌ను పసిగట్టే కౌంటరు సంచీలో వేసుకుని, మిట్టమధ్యాహ్నం అతని ఊరికి వెళ్లింది. వీధిలో కోడి కూడా లేదు. పుల్లారావు గుమ్మం ముందుకు రాగానే సంచీలో కౌంటరు చిటచిటలాడింది. పోయిన రాయి ఇక్కడే ఉంది.

ఆ ఇంట్లో రెండు నెలల పసివాడున్నాడు. పుల్లారావు కూతురు వాసంతికి అంతకు ముందు పుట్టిన ఇద్దరూ మూడో నెల దాటకుండానే పోయారని క్యాంపులో అందరికీ తెలుసు.

వసారాలో చీర ఉయ్యాల కట్టి ఉంది. దగ్గరకు వెళ్లేకొద్దీ ఆ చప్పుడు పోపులో ఆవాలు చిట్లినట్టు ఎక్కువైంది. పసివాడు మేలుకునే ఉన్నాడు. ఏడవడం లేదు, కదలడం లేదు. చప్పుడు వస్తున్న వైపే చూస్తున్నాడు. వాడి పక్కనే రాయి పడుకుని ఉంది. సగం ఎరుపు, సగం తెలుపు, మధ్యలో నల్లటి చార. దానికీ నూలు టోపీ పెట్టారు. కాటుక చుక్క దిద్దారు. ఒక్క క్షణం లహరికి ఇద్దరు పిల్లలున్నట్టే అనిపించింది.

"మా ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డకీ ఇట్టా పక్కన రాయిని పడుకోబెడతాం మేడం" అన్నాడు పుల్లారావు, దొరికిపోయినందుకు తల వంచుకుని. "వచ్చే పీడేదో రాయిని బిడ్డనుకుని దాన్నే పట్టుకుపోద్ది."

"దుర్గి శిల్పుల దగ్గరకు పోతే చక్కగా చెక్కిన రోటి పొత్రం దొరికేదిగా బాబాయ్!" అంది లహరి.

"అది ఎండ చూసిన రాయి మేడం. అట్టాంటిది పనికిరాదు. ఇదైతే భూమి పుట్టినకాడ్నించి పొద్దు మొగం చూళ్లేదు. గోతం కప్పి తెచ్చా. ఇంతకన్నా మంచి రాయి యాడ దొరుకుద్ది?"

లహరి చెయ్యి చాపబోతే వాసంతి గబుక్కున పట్టుకుంది. "తియ్యొద్దక్కా. నీకు దణ్ణం పెడతా. అది ఉండబట్టే వీడు ఉన్నాడు."

"ఇందులోంచి వచ్చేది కంటికి కనపడదు వాసంతీ. పసిబిడ్డ పక్కన ఇది ఒక్క పూట కూడా ఉండకూడదు."

చెబుతుంటే లహరికే సిగ్గేసింది. తను వచ్చిన మూడేళ్లలో పుల్లారావుకు చెప్పింది ఒక్క ముక్క, రాళ్లు ముట్టుకున్నాక చేతులు కడుక్కో అని. ఎందుకో చెప్పలేదు. అతను అడగలేదు, తనూ తీరిక చేసుకోలేదు.

వాసంతి అర్థంకానట్టు చూసింది. "అదేందక్కా, మొదటి ఇద్దరికీ ఇట్టాంటియ్యే పెట్టాంగా. అయ్యి చిన్నయ్యి. ఆగలేదు. అందుకే ఈసారి నాన్న చానా పెద్దది తెచ్చాడు."

వసారాలో కౌంటరు చిటచిటలాడుతూనే ఉంది. రాయే చంపిందని లహరి చెప్పలేదు. చంపలేదనీ చెప్పలేదు. అంత చదువూ ఆ క్షణాన ఎందుకూ కొరగాలేదు. ఆమె ముఖంలోకే చూస్తున్న పుల్లారావు మెల్లగా గోడకు ఆనుకున్నాడు.

"దోషం దీంట్లోనే ఉందా అమ్మాయ్?" అని అడిగాడు. ఎప్పుడూ మేడం అనే మనిషి.

లహరి కళ్లు దించుకుంది. "వాణ్ణి ఇప్పుడే నరసరావుపేట ఆసుపత్రికి తీసుకెళ్దాం. జీపుంది" అంది.

వాసంతి కొడుకుని ఎత్తుకుని, వెనక్కి చూడకుండా జీపు దగ్గరకు పరుగెత్తింది. లహరి రాయి తీయబోతే పుల్లారావు అడ్డం వచ్చాడు. "నేనేగా తెచ్చింది" అని తనే రెండు చేతులతో ఉయ్యాల్లోంచి తీశాడు. టోపీ జారకుండా సర్ది, గుండెకు హత్తుకున్నాడు.

"దూరంగా పట్టుకో బాబాయ్!" అని అరిచింది లహరి.

అతను దూరంగా పట్టుకోలేదు.