పురిటి జావ

మా తెలెమార్క్ లోయలో పురుడు వచ్చిందని ప్రత్యేకం కబురు పెట్టే పని లేదు. చలికాలంలో ఏ ఇంటి పొగగొట్టం తెల్లవార్లూ పొగ వదిలితే ఆ ఇంట బిడ్డ పుట్టినట్టే. పొద్దెక్కేసరికి ఇంటింటా పొయ్యిమీద మీగడ ఎక్కుతుంది. ఆడవాళ్ళు మీగడలో పిండి కలిపి జావ కాచి, మూత బొక్కెనల్లో పోసుకుని మంచు తొక్కుకుంటూ వస్తారు. తలుపు తడితే బాలింతే "ఎవరు?" అని అడగాలి. వచ్చింది ఒక్కతే అయినా "పొరుగువాళ్ళం" అనాలి. ఆ మాట పడితేనే బిడ్డ ఊరి బిడ్డ అవుతుంది. పాదిరిగారి బాప్తిస్మం నీళ్ళు ఆ తర్వాత సంగతి.

నా కూతురు రాగ్నకు ఆడపిల్ల పుట్టింది. పెళ్ళి కాలేదు. కలప కొట్టేవాడెవడో మాట ఇచ్చి, మంచు కరగగానే దుంగలతోపాటు ఏటి దిగువకు పోయినవాడు మళ్ళీ కనబడలేదు. రాగ్న మంచం తలుపుకు ఎదురుగా వేయించుకుంది. కుక్క మొరిగినప్పుడల్లా జుట్టు సవరించుకునేది. ఎవరూ రాలేదు.

"బిర్గిత్ అత్తకి ఒంట్లో బాలేదామ్మా?" అని అడిగింది.

"దానికేం, దుక్కలా ఉంది."

బిర్గిత్ మా పక్కింటిది. దాని ప్రతి పురుటికీ ముందు గడప తొక్కింది నా బొక్కెనే. ఒకసారి తుపానులో నడుము లోతు మంచులో వెళ్ళాను. అది గుర్తొచ్చినకొద్దీ నాకు ఒళ్ళు మండింది.

ఆదివారం ప్రార్థన అయ్యాక, ఎప్పటిలాగే గుడి ముందరి బండమీద నిలబడి చాటింపు మనిషి తప్పిపోయిన గొర్రెల సంగతి, దొరికిన మంచుబండి సంగతి చదివాడు. "ఇంకేమన్నా ఉన్నాయా?" అన్నాడు. నేను బండెక్కాను.

"ఆడవాళ్ళు ఎక్కే చోటు కాదమ్మా ఇది."

"అయితే నువ్వు దిగు. ఇద్దరికి ఇరుకు."

దిగాడు పాపం. నేను గొంతు సవరించుకున్నాను.

"ఈ ఊళ్ళో ప్రతి పురుటికీ జావ మోశాను. తిరిగి మా ఇంటికి రావాల్సిన జావ దారిలో ఎక్కడో తప్పిపోయింది. మా రాగ్నకి ఆడపిల్ల. తల్లీ పిల్లా బాగున్నారు. ఆ జావ ఎవరికన్నా కనబడితే, గున్వోర్ ఇల్లు ఇటని కాస్త దారి చూపించండి."

మగవాళ్ళు గడ్డాల్లో నవ్వుకున్నారు. ఆడవాళ్ళు కాళ్ళవంక చూసుకున్నారు. బిర్గిత్ అప్పటికే బిగించి ఉన్న తలగుడ్డ ముడిని మళ్ళీ బిగించుకుంది.

మర్నాడూ ఎవరూ రాలేదు. సాయంత్రం రాగ్న నెమ్మదిగా అంది: "మంచం గోడవైపు తిప్పేయమ్మా. కాస్త ఓపిక రాగానే నేను మళ్ళీ ఊరు వదిలి కొలువుకి వెళ్ళిపోతాను. పిల్లని నువ్వు పెంచు. నేను లేకపోతే దాన్ని ఎవరూ ఏమీ అనరు."

"తిప్పను" అన్నాను. నాకు ఏడుపు వచ్చింది. రాగ్నని చూడనివ్వలేదు.

తెల్లారాక ఇంట్లో ఉన్న మీగడంతా పొయ్యిమీద పెట్టాను. మా ఆవు వట్టిపోయేలా ఉంది, మళ్ళీ మీగడ ఎప్పుడో తెలియదు. అయినా జావ చిక్కగా కాచి, పైన వెన్నముద్ద వేసి, బొక్కెనకు మూత పెట్టాను. పెరటి తలుపునుంచి బయటపడి ఏటి ఒడ్డున ఉన్న చివరి ఇంటిదాకా అడ్డదారిన వెళ్ళి, అక్కడినుంచి బండ్ల బాటమీద వెనక్కి తిరిగాను. మెల్లగా నడిచాను. కిటికీ అద్దాలమీది మంచును లోపలినుంచి గోళ్ళతో గీకి మరీ చూశారు. చూడనీ అనుకున్నాను. నా గుమ్మం నేనే తట్టి "పొరుగువాళ్ళం" అని అబద్ధం చెప్పడానికి దారంతా గొంతు మార్చి సాధన చేశాను.

పిండిమర దగ్గర ఒకడు అడిగాడు. "ఎవరింటికి గున్వోర్ పిన్నీ?"

"పురిటింటికి. ఊళ్ళో పురుడొచ్చింది, నీకు తెలీదా?"

బిర్గిత్ ఇల్లు దాటుతుంటే తలుపు తెరుచుకుంది. గుమ్మంలో బిర్గిత్, చేతిలో బొక్కెన.

"ఆగక్కా. మొన్ననే కాచాను. ఎవరన్నా ముందు వెళ్తే వెనకాల వద్దామని చూస్తూ ఉండిపోయాను."

మెచ్చుకోవాలో కొట్టాలో తెలియలేదు.

"మొన్నటిదా? రాయి అయ్యుంటుంది. పో, వేడి చేసుకురా. ఇక్కడే ఉంటాను."

అది లోపలికి పోయింది. నేను బాట మధ్యలో, అందరికీ కనబడేటట్టు, చేతిలో బొక్కెనతో నిలబడ్డాను. కనురెప్పలమీద మంచు పేరుకుంది. కాస్సేపటికి ఎదురింటి పొగగొట్టం కూడా గుప్పున పొగ వదిలింది. మీగడ వాసన వచ్చింది. అయినా నేను ఆ వైపు తల తిప్పలేదు.

బిర్గిత్ వచ్చింది. ఇద్దరం మా ఇంటికి నడిచాం. నేనే తలుపు తట్టాను. లోపల మంచం కిర్రుమంది.

"ఎవరు?" అంది రాగ్న.

నేను నోరు మూసుకుని బిర్గిత్‌ను మోచేత్తో పొడిచాను.

"పొరుగువాళ్ళం" అని గొణిగింది.

"గట్టిగా చెప్పు" అన్నాను. "పిల్లకి కూడా వినబడాలి."