మావయ్య వాసన చూసిన పన్నీరు

రాత్రంతా పన్నీరుకి చుట్టి ఉంచిన గుడ్డని కుళాయి దగ్గర ఉతుకుతున్నాను. ఎంత పిండినా వేళ్ల మధ్య జారుతోంది. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. పెరుగు పులుపు కాదు, ఆరకుండా మూలన పడేసిన తడిగుడ్డ కంపు. నిన్న సాయంత్రం పోయిన కరెంటు తెల్లవారాక గానీ రాలేదు. ఫ్రిజ్ ఉండీ లేనట్టే అయింది.

వరండాలో మావయ్య పన్నీరు దిమ్మలను స్టీలు డబ్బాలో సర్దుతున్నారు. ఎప్పటిలాగే మొదటి దిమ్మని రెండు చేతులతో ఎత్తి, కళ్లు మూసుకుని వాసన చూసి, తృప్తిగా తలాడించారు.

మావయ్య పేరు ఆదిబాబు. టాటానగర్ రైల్వే షెడ్డులో పనిచేసి రిటైరయ్యారు. ఇంట్లో కూర్చోలేక, ఖటాల్ నుంచి, అంటే గేదెల పాక నుంచి, పాలు తెచ్చి పన్నీరు చెయ్యడం మొదలుపెట్టారు. జుగ్సలాయిలో మా వీధుల వాళ్లు బజార్లో పన్నీరు కొన్నా, తెచ్చి ఆయనకి చూపించి గానీ వండేవారు కాదు. ఆయన ఒక్కసారి వాసన చూసి ఠీక్ అంటే ఠీక్, ఖరాబ్ అంటే ఖరాబ్. పొద్దున్నే ఆయన సైకిలెక్కేటప్పుడు చూస్తే డ్యూటీకి వెళ్తున్నట్టే ఉండేది.

నేను పలాస పక్క పల్లె నుంచి కోడలిగా వచ్చాను. మా ఇంట్లో పాలు విరిగితే పాడైనట్టే, చెట్టు మొదట్లో పారబోసేవాళ్లం. ఇక్కడ కావాలని విరగ్గొడుతుంటే వింతగా చూశాను. మావయ్యే పక్కన కూర్చోబెట్టుకుని నేర్పారు. మంచి పన్నీరు పాలు తాగిన పసిపిల్ల నోటి వాసన వేస్తుందట. పాడవడం మొదలైతే ముందు వాసన మారుతుంది, తర్వాత చేతికి జిగురు తగులుతుంది, అంచులు పసుపెక్కేది ఆఖరున. జిగురు తగిలేదాకా కనిపెట్టలేనివాడు ఈ పని చెయ్యకూడదని ఆయన మాట.

పోయిన చలికాలం ఆయనకి జ్వరం వచ్చి తగ్గింది. ఆ తర్వాత ఒకరోజు పొయ్యి మీద పప్పు మాడి ఇల్లంతా పొగ వాసన కమ్మితే, పక్కనే కూర్చుని ఆయన పేపరు చదువుకుంటూనే ఉన్నారు. అప్పుడు తెలిసింది మాకు. ఆయన మాత్రం ఎవరికీ చెప్పలేదు. మేమూ అడగకూడదని అత్తమ్మ కట్టడి చేసింది. అప్పటినుంచి ఆయన స్నానానికి వెళ్లినప్పుడు తనే డబ్బా తెరిచి వాసన చూసేది. పాడైన రోజున తీసుకెళ్లి కాలవలో పారేసి, పిల్లి తినేసిందని చెప్పేది. లేని పిల్లిని ఆయన ఎదుట తిట్టేది కూడా.

ఈరోజు ఆ వీలు దొరకలేదు. నీళ్ల ట్యాంకరు వస్తే అత్తమ్మ బిందెలతో లైనుకి వెళ్లింది. డ్యూటీకి బయల్దేరుతున్న మా ఆయన చంద్రశేఖర్‌కి గుడ్డ చూపించాను. అమ్మ చూసుకుంటుందిలే అని హిందీలో గొణిగి స్కూటర్ స్టార్ట్ చేశాడు.

అత్తమ్మ బిందె దించేసరికి మావయ్య డబ్బా మూత పెడుతున్నారు. నా చేతిలో గుడ్డ వాసన చూసి ఆమె ముఖం వాడిపోయింది.

"ఎండ సూడు ఎలాగుందో. సల్లబడ్డాక ఎల్దువులే" అంది ఆయనతో.

మధ్యాహ్నమే మా వీధిలో ఉండే సోనీ వాళ్ల పాప పుట్టినరోజు భోజనాలని, ఈ పన్నీరు వాళ్లకేనని, ఆలస్యం చెయ్యకూడదని ఆయన లేచారు. వీధిలో పిల్లలందరూ ఆ ఇంట్లోనే తింటారు. అత్తమ్మ నావైపు చూసి, వద్దన్నట్టు తల ఊపింది. అయినా నా నోరు ఆగలేదు.

"మావయ్యా, పన్నీరు పాడైపోనాది."

ఆయనకి కోపం రాలేదు. డబ్బా దించి, ఒక ముక్క తుంచి ముక్కుకి ఆనించుకున్నారు. తర్వాత వేళ్లతో నలిపి చూశారు. షెడ్డులో ఇనుము పట్టి పట్టి కాయలు కాసిన వేళ్లు. వాటికేమీ తెలిసినట్టు లేదు.

"దాలమ్మా, నువ్వు సెప్పు" అన్నారు అత్తమ్మతో.

"బాగానే ఉంది. ఈ పిల్లకేటి తెలుసు, మొన్న నేర్సుకుంది" అంది అత్తమ్మ.

"అయితే తిను."

ఆమె ముక్క అందుకుని నోట్లో వేసుకుంది. తొందరపడకుండా నమిలింది. కంటి చివర చిన్న ముడత పడి, వెంటనే పోయింది. మింగింది. మావయ్య ఆమె గొంతునే చూస్తున్నారు.

"ఇంకో ముక్క ఇయ్యి" అంది, చెయ్యి చాచి.

అత్తమ్మకి పన్నీరంటే ఇష్టం లేదు. ఈ ఇంట్లో ఇన్నేళ్లలో ఆమె పన్నీరు అడిగి తినడం నేనెప్పుడూ చూడలేదు. ఆయనా చూసి ఉండరు. చాచిన చేతిలో ఆయన ఏమీ పెట్టలేదు.

"ఎన్నాళ్ల బట్టి తింటంది దాలీ, ఆ పిల్లి?"

అత్తమ్మ చెయ్యి దించుకుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అది ఏడుపో, కడుపులో తిప్పడమో తెలియలేదు. నేను నీళ్ల చెంబు పట్టుకుని ఆమె పక్కన నిలబడ్డాను. చెంబు ముందు ఎవరికి ఇవ్వాలో కూడా నాకు తోచలేదు. తప్పు చెప్పానని అనలేను. మంచి చేశాననీ అనిపించలేదు.

మావయ్య డబ్బాని గోడ వారకి జరిపారు. మూత సరిగా కూర్చోలేదు, దాన్ని అలాగే వదిలేశారు. చెప్పులు వేసుకున్నారు. సైకిలు తియ్యలేదు. మా ఇద్దరివైపు చూడకుండా గడప దాటి వెళ్లిపోయారు.