పని జరుగుచున్నది

గ్యాస్ మీట వైపు చూపుడువేలు చాపి, "కట్టేశాను, సరే!" అన్నాడు అన్సెల్మో. కిటికీ వైపు తిరిగి, "గడియ పడింది, సరే!" అన్నాడు. తలుపుకి తాళం వేసి, రెండడుగులు వెనక్కి వేసి, ఆ తాళానికి కూడా వేలు చూపించాక గానీ గాలపు కర్ర భుజాన వేసుకోలేదు. ఆదివారం పొద్దున ఏడు కావస్తోంది. కింద వాటాలో బట్టలు ఆరేస్తున్న మారివిక్ ఇదంతా విని తలెత్తింది. ఆమె కూడా అతనిలాగే ఫిలిప్పీన్స్ మనిషి. జపాన్‌లోని ఈ ఊరివాణ్ణి చేసుకుని పదిహేనేళ్ళుగా ఇక్కడే కాపురం ఉంటోంది.

"అన్నయ్యా, రేపు పైకి పోయాక దేవుణ్ణి కూడా వేలెట్టి చూపించి సరే అంటావా ఏంటి?"

"ముందు ఆయన హెల్మెట్ పెట్టుకున్నాడో లేదో చూడాలి కదమ్మా."

ఆమె నవ్వింది గానీ వెంటనే గొంతు తగ్గించింది. "ఇవాళైనా ఆసుపత్రికి వెళ్తున్నావా?"

"రెండింటికి వెళ్ళనిస్తారు."

"పువ్వులు పట్టుకెళ్ళు. కోసిన పువ్వులే. వేళ్ళున్నదేదీ ఆ గుమ్మం తొక్కనివ్వకు."

అన్సెల్మో ముఖం ముడుచుకుపోయింది. సైకిలు స్టాండు తీయడానికి వంగినవాడు, అక్కర్లేకపోయినా కాసేపు అలాగే వంగి ఉన్నాడు.

అతనికి నలభై ఆరేళ్ళు. పొట్టి మనిషి. ఇరవై రెండేళ్ళ వెల్డింగ్ నిప్పురవ్వలు ముంజేతుల నిండా ఆవగింజలంత నల్లటి మచ్చలు పెట్టాయి. చొక్కా మెడ దగ్గర తెరుచుకునే చోట చర్మం ఎర్రగా కాలి, ఏ కాలంలోనూ మామూలు రంగుకి రాదు. ఎడమ కన్ను ఊరికే నీరు కారుతుంది, అందుకని కొత్తగా చూసేవాళ్ళు అతను దేనికో బాధపడుతున్నాడనుకుంటారు. ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలోలో భార్య, ఇద్దరు ఆడపిల్లలు. చిన్నది మాటలు నేర్చుకున్నది ఫోనులోనే. దానికి నాన్నంటే నెత్తి సగమే కనిపించే మనిషి, ఎందుకంటే ఫోను సరిగ్గా పట్టుకోవడం ఈయనకి ఇప్పటికీ చేతకాదు.

ఏడేళ్ళ కిందట ఈ ఊరి షిప్‌యార్డులో చేరినప్పుడు అతని పక్కన నిలబడి పని నేర్పినవాడు ఓచీ. అప్పటికే అరవై దాటిన ఫోర్‌మన్. గడ్డం కింద చర్మం కోడిమెడలా వేలాడేది, గొంతు మాత్రం క్రేను సైరనుకి పోటీ వచ్చేది. "కళ్ళతో చూశానంటే కుదరదురా అన్సె! వేలెత్తి చూపించు, నోరు తెరిచి చెప్పు. కన్ను సగం నిద్రలో ఉంటుంది, నోరు దాన్ని లేపుతుంది," అని చెవిలో అరిచేవాడు. సగం మాటలు అన్సెల్మోకి అర్థమయ్యేవి కావు. వేలు మాత్రం అర్థమైంది.

ఓచీ నేర్పిన రెండోది, పసుపు రేకు బిళ్ళ. యార్డులో సగంలో ఆగిన ప్రతి పనికీ దారంతో ఒక పసుపు బిళ్ళ కడతారు. 'పని జరుగుచున్నది, ముట్టుకోరాదు' అని దానిమీద ఎర్ర అక్షరాలుంటాయి. కింద బాధ్యుడి పేరు. డ్యూటీ దిగేవాడు తన పేరు మీద ఒక గీత గీసి, ఎక్కేవాడి పేరు తన చేత్తో రాయాలి. రాయకుండా దిగిపోతే ఓచీ చేతిలో వాడి పని అయిపోయినట్టే. ఆ ఎర్ర అక్షరాల్లో అన్సెల్మో మొదట గుర్తుపట్టింది, పెట్టెకి నిలువుగా గీత గీసినట్టుండే అక్షరం. 'జరుగుచున్నది' అని అర్థం. వెల్డింగ్ జరుగుచున్నది, రంగు వేయుట జరుగుచున్నది, రోడ్డు మరమ్మతు జరుగుచున్నది. ఊళ్ళో ఎక్కడ చూసినా అదే కనిపించేది. ఒక్క అక్షరంతో సగం జపాన్ చదివేస్తున్నానని భార్యకు గొప్పలు చెప్పుకున్నాడు.

ఆదివారాలు ఇద్దరూ రేవు గట్టు మీద చేపలు పట్టేవాళ్ళు. ఆరేళ్ళపాటు, వాన పడితే తప్ప. ఓచీ మడత కుర్చీలో, ఇతను బోర్లించిన బకెట్ మీద. మాటలు పెద్దగా ఉండేవి కావు. అరచేతంత అజి చేపలు పడితే ఓచీ అక్కడే శుభ్రం చేసి పచ్చిగా కోసేవాడు, అన్సెల్మో జేబులోంచి కలమన్సీ కాయ తీసి పిండేవాడు. గోళీ కంటే కాస్త పెద్దదైన ఆ నిమ్మజాతి కాయలు మారివిక్ పెరట్లోవి. మొదటిసారి నోట్లో పెట్టుకున్న రోజున ఓచీ కళ్ళు మూసుకున్నాడు. "ఈ కొండల నిండా నారింజ తోటలే. నేను పుట్టిందే నారింజ చెట్ల మధ్య. ఇంత చిన్న కాయ నన్ను ఓడించడమేంట్రా!" అన్నాడు. ఆ మాట పట్టుకుని అన్సెల్మో ఆ గింజలు దాచి, కుండీలో వేసి, వసారాలో మూడేళ్ళు పెంచాడు. మొక్క మోకాలెత్తయింది.

సెప్టెంబరులో ఓచీ ఊపిరితిత్తుల జబ్బుతో ఆసుపత్రిలో పడ్డాడు. రెండు వారాల కిందట, మొక్కకి మొదటి మొగ్గలు కనిపించిన ఆదివారం, అన్సెల్మో ఆ కుండీని సైకిలు బుట్టలో పెట్టుకుని, గుంట వచ్చిన చోటల్లా దిగి నడిపించుకుంటూ తీసుకెళ్ళాడు. మంచం పక్కనున్న ఓచీ భార్య ఫుమియె కుండీని చూసింది. ఆమె ముఖంలో రక్తం లేదు. "మీ మనసు చాలండి," అని రెండు చేతులా అందుకుని, మంచం దగ్గర పెట్టకుండా బయటికి తీసుకుపోయింది. ఓచీ అప్పుడు మందు మత్తులో నిద్రపోతున్నాడు.

ఆ వారం బుధవారం మారివిక్ చెబితే తెలిసింది. మట్టితో, వేళ్ళతో ఉన్న మొక్కని రోగి దగ్గరికి తీసుకెళ్ళడమంటే, ఈ మంచంలోనే వేళ్ళూనుకుని ఉండిపొమ్మని కోరినట్టు. పసిపిల్లలకి కూడా తెలుసు ఇక్కడ. ఏడేళ్ళుండి ఇతనికి తెలియలేదు. ఆ రాత్రి నుంచి అన్నం సయించలేదు. పోయిన ఆదివారం వెళ్ళి క్షమించమందామంటే ఓడ అప్పగించే హడావిడిలో సెలవు ఎగిరిపోయింది. ఎలాగైనా ఓచీ కళ్ళు తెరిచి ఉండగా, తెలియక చేశానని ఆయన ముఖం చూసి చెప్పాలి. ఆ కుండీని తిరిగి తెచ్చేసుకోవాలి. ఈ రెండే అతనికి కావలసినవి.

ఈరోజు గట్టు మీద చేపలు బాగానే పడ్డాయి, అతనికే మనసు లేదు. అలవాటుగా కుర్చీకి చోటు వదిలి కూర్చున్నాడు. ఎవరో కుర్రజంట వచ్చి ఆ చోట్లో సంచి పెట్టబోతే, "మనిషి వస్తాడు," అన్నాడు. పదకొండుకే గాలం చుట్టేసి, పట్టినవన్నీ నీళ్ళలోకి వదిలేశాడు.

పూలకొట్టు ఆవిడ అడిగింది, "ఇంట్లో పోయినవాళ్ళ పీఠానికా అండీ?"

"కాదు కాదు! జబ్బు మనిషికి. తెల్లవి వద్దు. చామంతి వద్దు, అవి చావుకి. వేళ్ళు..." అని ఆగి, "వేళ్ళు లేనివి," అన్నాడు.

ఆవిడ పెదవి బిగబట్టి నవ్వు ఆపుకుంటూ నారింజ రంగు జెర్బెరాలు ఐదు కట్టి ఇచ్చింది. ఇక్కడ నాలుగు చావు అంకె అని అతనికి తెలుసు. కొట్టు బయట నిలబడి ఒక్కొక్క పువ్వుకీ వేలు చూపించి, ఐదని తేలాక, సరే అన్నాడు.

ఆసుపత్రి మూడో అంతస్తులో ఓచీ మంచం ఖాళీగా ఉంది. దుప్పటి ముడత లేకుండా పరిచి ఉంది. కిటికీ గట్టు మీద ఏమీ లేదు. బల్ల దగ్గరున్న నర్సు అతని చేతిలోని పువ్వుల్ని చూసి లేచి నిలబడింది.

"ఓచీ గారు ఇక్కడ లేరండి. గురువారం పొద్దున వెళ్ళిపోయారు."

"ఇంటికేనా?"

నర్సు బల్ల వెనక నుంచి ఇవతలికి వచ్చింది. "ఇంటికే తీసుకెళ్ళారండి. కుటుంబం కానివాళ్ళకి మేము అంతకుమించి చెప్పకూడదు." అంటూ నడుము వంచి నమస్కరించింది. మామూలుగా వంగేదాని కంటే బాగా కిందికి వంగింది. మర్యాదస్తురాలు అనుకున్నాడు అన్సెల్మో.

మెట్లు రెండేసి దిగాడు. ఇంటికి వెళ్ళిపోయాడు! వేళ్ళు ఊనుకోలేదు! పది రోజులుగా గుండెల మీద కూర్చున్న బరువు దిగిపోయి, సైకిలు దానంతటదే ఎక్కుతోందన్నట్టుగా ఓచీ ఇంటి ఎత్తు దారి ఎక్కేశాడు. దారికి రెండు వైపులా కొండవాలు మీద నారింజ కాయలు పసుపు తిరుగుతున్నాయి. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన మనిషికి ఏం చెప్పాలో దారిపొడవునా వల్లె వేసుకున్నాడు. అభినందనలు. ఇంటికి వచ్చినందుకు అభినందనలు.

ఓచీ ఇంటి తలుపు మీద నల్లగీత అంచుతో ఒక తెల్ల కాగితం అంటించి ఉంది. కుంచెతో రాసిన రెండే అక్షరాలు. రెండోది చూడగానే గుర్తుపట్టాడు, పెట్టెకి నిలువు గీత, జరుగుచున్నది. మొదటిది తెలియదు గానీ, దాని అడుగు భాగం కూడా తెలిసినదే. 'మనసు'. భద్రత బోర్డుల మీద 'నిశ్చింత' అనే మాటలో అదే ఉంటుంది. మనసుకి సంబంధించినదేదో జరుగుచున్నది. విశ్రాంతి జరుగుచున్నది, అనుకున్నాడు. గట్టిగా మాట్లాడకూడదన్నమాట. గంట నొక్కకుండా వేలి కణుపుతో మెల్లగా తట్టాడు.

ఫుమియె తలుపు తీసింది. చిన్నగా, ఎండిపోయినట్టున్న మనిషి. నల్లటి స్వెట్టరు వేసుకుంది. అన్సెల్మో వంగి, పువ్వులు ముందుకు చాపి, వల్లె వేసిందంతా ఒక్క తప్పు కూడా లేకుండా అప్పజెప్పాడు.

"ఓచీ గారు ఇంటికి వచ్చినందుకు అభినందనలండీ!"

ఆమె పువ్వులు అందుకోలేదు. "తలుపు మీద కాగితం చదవలేదా?" అంది.

"రెండోది వచ్చండి. మొదటిది రాదు."

ఆమె ఆ కాగితం వైపు ఒకసారి చూసి, పక్కకి జరిగి, "రండి లోపలికి," అంది.

పీఠం మీద ఓచీ ఫోటో ఉంది. టోపీ పెట్టుకుని ఎండకి కళ్ళు చికిలించి నవ్వుతున్న ఓచీ. ఆ ఫోటో రేవు గట్టు మీద అన్సెల్మో తీసిందే. అంచున కనబడుతున్న బకెట్ ముక్క కూడా తనదే. ఫోటో ముందు తెల్లబట్టలో కట్టిన చతురస్రపు అస్థికల పెట్టె, పక్కన అగరువత్తి పొగ. పువ్వులు ఎక్కడ పెట్టాలో తెలియక వాటిని గుండెకు ఆనించుకుని అలాగే చాప మీద కూలబడిపోయాడు. అతని రెండు కళ్ళూ కారుతున్నాయి. ఈసారి చూసినవాళ్ళెవరూ పొరబడరు.

"ఆ మొదటి అక్షరం 'మైల'. ఎవరికీ చెప్పలేదు," అంది ఫుమియె. "ఆర్భాటం వద్దన్నారు. నిన్ననే కొడుకూ నేనూ కలిసి అన్నీ ముగించాం. యార్డుకి రేపు ఫోను చెయ్యాలి."

"కుండీ వల్లే," అన్నాడు అన్సెల్మో. "నాకు తెలీదండి. నిజంగా తెలీదు. నేనే..."

"ఆ రోజు మీ మీద నాకు ఒళ్ళు మండిపోయింది. మీకు అబద్ధం చెప్పను." ఆమె అతని చేతిలోంచి పువ్వులు తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. "చెత్తలో పారెయ్యమని నర్సుకిచ్చేశాను. ఈయనకి తెలివొచ్చాక చెప్పాను, చూశావా నీ ఫిలిప్పీన్స్ శిష్యుడి నిర్వాకం అని. ఒకటే గొడవ! ఊపిరాడని మనిషి, ఎక్కణ్ణుంచొచ్చిందో ఆ గొంతు. నలభై మూడేళ్ళ కాపురంలో ఆఖరిసారి నా మీద అరిచింది దానికోసమే."

"ఏమన్నారు?"

"'తెలిసినవాళ్ళందరూ పువ్వులు పంపించారు. తెలియనివాడొక్కడే వచ్చాడు. తెచ్చి పెట్టు దాన్ని ఇక్కడ' అన్నారు." ఆమె ముక్కు చీదుకుంది. "తెచ్చి పెట్టాను. ఏం చేస్తాను మరి! అయినా నా మీద నమ్మకం లేదు ఆయనకి. నేను నీళ్ళకోసం వెళితే మళ్ళీ పారేస్తానని, పాత పని సంచిలోంచి ఏదో తెమ్మన్నారు. దాన్ని మొక్కకి కట్టి కాపలా కాశారు, చిన్నపిల్లాడిలాగా."

ఆమె లేచి పక్క వసారా తలుపు జరిపింది. సాయంత్రపు ఎండ వాలుగా లోపలికి పడింది. దూరంగా రేవు, దాని వెనక సముద్రం కనిపిస్తున్నాయి.

"తీసుకెళ్తారా?" అంది. "లేకపోతే ఇక్కడే వాలు మీద నాటిద్దామా? నాకు ఏం చెయ్యాలో తోచడం లేదు. ఆయన చెప్పనేలేదు."

అన్సెల్మో వసారాలోకి వచ్చాడు. మొగ్గలు విచ్చి రెండు తెల్లపువ్వులయ్యాయి. అలవాటుకొద్దీ చూపుడువేలు దానంతటదే లేచింది. చెయ్యి అలా గాల్లో ఉండిపోయింది.

"చెప్పారండి," అన్నాడు చివరికి, సన్నగా.

కాండానికి దారంతో కట్టిన పసుపు రేకు బిళ్ళ సముద్రపు గాలికి అటూ ఇటూ తిరుగుతోంది. పని జరుగుచున్నది, ముట్టుకోరాదు. బాధ్యుడి గడిలో ఓచీ అన్న పేరు మీద ఒక గీత, దాని కింద వణికిన చేత్తో రాసిన పేరు, అన్సె.