ఇద్దరు నిలబడేంత చోటు

కృష్ణ మీంచి గాలి వస్తోంది.

తడి ఇసుక వాసన, కాస్త ఎండ వాసన కలిసిన గాలి. భవానీపురంలో మేడ మీద గది. గదిలో ఇంకా ఏమీ లేదు.

మనోజ్ఞ నేల మీద కూర్చుని పెన్సిల్‌తో ఆఫీసు గీస్తోంది.

శుభలేఖల ఆఫీసు. ఆమె డిజైన్ చేస్తుంది. భర్త హర్షవర్ధన్ ప్రింటు చేయిస్తాడు, వచ్చినవాళ్ళతో మాట్లాడతాడు. బోర్డు మీద ఇద్దరి పేర్లూ పక్కపక్కనే ఉంటాయి.

ఇంట్లో మాత్రం ఇద్దరూ లేరు. కిందటి వేసవిలో విడిపోయారు. పెద్ద గొడవేం జరగలేదు... మాటలు అయిపోయాయి, అంతే.

ఎవరికీ చెప్పలేదు. విడిపోయినవాళ్ళ చేతుల మీదుగా పెళ్ళికార్డు ఏ తల్లి తీసుకుంటుంది? ఇద్దరికీ వేరే పని రాదు.

అందుకే పగలు భార్యాభర్తలు. సాయంత్రం తాళం వేశాక ఎవరి దారి వాళ్ళది. కస్టమర్ల ముందు ‘ఏవండీ’ అంటుంది. వాళ్ళు వెళ్ళాక ఆయన్ని పిలవడానికి ఆమె దగ్గర ఏ పిలుపూ లేదు.

పాత షాపులో రెండు బల్లలూ ఎదురెదురుగా ఉండేవి. అలా వేయించింది ఆమే. అప్పట్లో తలెత్తితే ఆయన కనబడాలి.

ఇప్పుడు ఆయన తలెత్తితే ఆమె చెయ్యి ఆగిపోతోంది. గీత వంకరపోతోంది. ఒక్క పువ్వు పూర్తికావడానికి పూటంతా పడుతోంది.

పాత షాపు ఖాళీ చేయాల్సి వచ్చినప్పుడు అందరూ అయ్యో అన్నారు. ఆమెకు మాత్రం ఊపిరాడింది.

వెలుతురు ఎడమవైపు నుంచి రావాలి — చేతి నీడ కాగితం మీద పడకూడదు. కుర్చీ నడుముకి ఆనాలి. పెద్దవాళ్ళు మోకాళ్ళు పట్టుకోకుండా లేవగలిగే సోఫా ఉండాలి. దానికి పైన ఫ్యాను, పక్కన మంచినీళ్ళు.

మధ్యలో గోడ.

గీసింది. చెరిపింది. మళ్ళీ గీసింది.

వడ్రంగి సొలొమోను కొలతలకి వచ్చి ఆ గీత దగ్గర ఆగాడు.

“అడ్డం దేనికమ్మా? ఉండేది మీరూ సారేగా?”

“పని మీద ధ్యాస ఉంటుందని, సొలొమోనుగారూ.”

“అదీ నిజమేలెండి,” అని నవ్వాడు.

హర్షవర్ధన్ వద్దనలేదు. వద్దంటాడేమో అని ఆమె కాసేపు చూసింది. అనకపోయేసరికి బాధ వేసింది. ఎందుకు వేసిందో తనకే అర్థం కాలేదు.

చెక్కగోడ లేచింది.

కిటికీ ఇటు, ఆయన అటు. గాలంతా ఇటే. అవతల ఆయన దగ్గు వినబడేది, టీ గ్లాసు కింద పెట్టిన చప్పుడు వినబడేది. చప్పుళ్ళను భరించొచ్చు. చెయ్యి కదిలింది. మామిడాకులు, మల్లెలు, పల్లకి... ఎన్నాళ్ళకో పని పనిలా సాగింది.

ఈ మాత్రం చాలు అనుకుంది. ఇలా బతికేయొచ్చు అనుకుంది.

అప్పుడు వెంకటరత్నమ్మ వచ్చింది. కూచిపూడి నుంచి మనవరాలు సింధూరిని వెంటబెట్టుకుని, ఆ పిల్ల పెళ్ళికార్డులు తీసుకెళ్ళడానికి వచ్చింది. కొత్త ఆఫీసులో తయారైన మొదటి కార్డులవి. సోఫా బాగుందంది, గాలి బాగుందంది.

ఆ షాపుకి ఒక అలవాటుంది. మొదటి కార్డుకి పసుపు రాసి, భార్యాభర్తలిద్దరూ కలిసి చేతికిస్తారు. పెళ్ళికూతురు ఇద్దరికీ ఒకేసారి దణ్ణం పెట్టుకుంటుంది. పెళ్ళయిన కొత్తలో మనోజ్ఞ సరదాగా మొదలుపెట్టిందది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వచ్చేది దానికోసమే.

సింధూరి ఆయన ముందు వంగబోయి ఆగింది. మేడమ్ ఏరీ అని వెతికింది. గోడ చుట్టూ తిరిగి ఇటు వచ్చింది.

“ఇదేందమ్మాయ్, నువ్విక్కడా ఆయనక్కడానా?” అంది వెంకటరత్నమ్మ. “ఇద్దరూ ఒక్కచోట నిలబడండమ్మా.”

నిలబడటానికి చోటు లేదు. ఇటు బల్ల, అటు బల్ల, నడుమ గోడ. అన్నీ అమర్చిన ఆ గదిలో ఇద్దరు నిలబడేంత చోటు లేదు.

చివరికి గుమ్మం దగ్గర, గోడ అంచుకి ఆనుకుని, ఇరుకుగా నిలబడ్డారు. ఆయన భుజం తగిలింది. ఏడాది తర్వాత. కార్డు చెరోవైపు పట్టుకున్నారు.

సింధూరి వంగి ఇద్దరి పాదాలకీ దణ్ణం పెట్టింది. వెంకటరత్నమ్మ మనోజ్ఞ గడ్డం పట్టుకుంది.

“మా పిల్ల కూడా నీలాగే ఉండాలమ్మా. అట్టా దీవించు.”

వద్దండీ, అలా కోరుకోకండి — అని గొంతుదాకా వచ్చింది.

“చల్లగా ఉండమ్మా,” అంది.

అదే మాట, అదే క్షణంలో, ఆయనా అన్నాడు. ఇద్దరికీ అంత అలవాటైపోయింది. ఆమెకు సిగ్గేసింది. ఏడుపొచ్చింది. ఏడిస్తే ఆనందమనుకున్నారు వాళ్ళు.

వాళ్ళు వెళ్ళాక ఆయన గోడ వైపు చూస్తూ ఉండిపోయాడు.

“తీయించేద్దాం,” అంది ఆమె.

“మరి నీ పని?”

“ఎలాగో చేసుకుంటాను.”

ఎన్నో నెలల్లో వాళ్ళ మధ్య జరిగిన సంభాషణ అదొక్కటే.

మళ్ళీ కాగితం, మళ్ళీ పెన్సిల్. రెండు బల్లలూ పక్కపక్కనే, గుమ్మం వైపు ముఖం పెట్టి. వెలుతురు ఇక కుడివైపు నుంచే వస్తుంది. ఆమె చేతి నీడ ఆమె కాగితం మీదే పడుతుంది... పడనీ.

సొలొమోను గోడ విప్పాడు. చెక్కలు ఒక్కొక్కటే మెట్లు దిగాయి. గాలి ఈ బల్ల మీంచి ఆ బల్ల మీదికి వెళ్ళింది.

బల్లల ముందు, సోఫా జరిపిన చోట, ఫ్యాను కింద, కొత్త కాగితం మీద ఒక చిన్న ఖాళీ గడి ఉంది. సొలొమోను దాని మీద వేలు పెట్టాడు.

“ఇక్కడేం వస్తుందమ్మా?”

“ఏం రాదండీ,” అంది మనోజ్ఞ. “అక్కడ మేమిద్దరం నిలబడాలి.”