ఎర్తమ్మ నాడి

వసంతకు ఒక చెడ్డ అలవాటు ఉంది. అర్థం కాకపోతే అర్థం కాలేదని అనేస్తుంది. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చదివే పిల్లకు అంత నిజాయితీ పనికిరాదు.

ఆ రోజు అవినాష్ సార్ ఎర్తింగ్ పాఠం చెబుతున్నారు. గీజరులో తీగ ఊడి ఇనుప తొడుగుకు తగిలితే, ఆ కరెంటు మనిషిని పట్టుకోకుండా మూడో పిన్ను గుండా భూమిలోకి పోతుందన్నారు. అందరూ రాసుకున్నారు. వసంత మాత్రం లేచి, భూమిలోకి పోయాక అది ఎక్కడికి పోతుంది సార్, భూమి ఎప్పటికీ నిండదా అని అడిగింది. సార్ చాక్‌పీసు కింద పెట్టారు. భూమి మీద అంత బెంగ ఉంటే ఏదైనా ఒక ఎర్త్ పిట్ నిరోధం నువ్వే కొలిచి, ఫొటోతో సహా సోమవారానికి తెమ్మన్నారు. తేకపోతే ప్రాక్టికల్స్‌లో ఫెయిలే, ఏడాది పోయినట్టే.

ఇదేం పెద్ద పని కాదనుకుంది వసంత. వాళ్ల నాయిన సాయిలు గోపన్‌పల్లిలో ఒక అపార్టుమెంటుకు వాచ్‌మన్. అక్కడ జనరేటర్ వెనకాలే ఎర్త్ పిట్ ఉంది. పిట్ అంటే మరేం కాదు, ఉప్పూ బొగ్గూ నింపి రాగి పలక పాతి, పైన సిమెంటు మూత పెట్టిన గుంట. కాలేజీలో మీటరు అడిగి తీసుకుని, శనివారం హాస్టల్ నుంచి ఇంటికొచ్చి చూస్తే ఆ గుంట ముందు జనం లైను కట్టి ఉన్నారు.

తప్పు ఎవరిదీ కాదు. ఎండాకాలం గుంట ఎండిపోతే ఎర్తింగ్ పనిచేయదు, రోజూ నీళ్లు పొయ్యమని సాయిలుకు చెప్పింది వసంతే. ఆయన పొద్దున్నే స్నానం చేసి, తడి తువ్వాలతోనే వచ్చి, మూతకున్న కంతలో గుప్పెడు ఉప్పు వేసి చెంబెడు నీళ్లు పోసేవాడు. అసోసియేషన్ సెక్రటరీ శ్రీలత గారు వాకింగ్ చేస్తూ చూసి ఇదేమిటని అడిగారు. భూమికి మేడం, తడి లేకుంటే బిల్డింగ్ మొత్తానికి ప్రమాదమన్నాడు సాయిలు. అందులో అబద్ధం అక్షరం కూడా లేదు. పైగా మూత మీద మూడు అడ్డగీతలు ఉన్నాయి. అది ఎర్తింగ్ గుర్తు. శ్రీలత గారికి విభూతి రేఖలు కనిపించాయి. ఆవిడ చదివింది ఎలక్ట్రానిక్సే, అదే గుర్తును నాలుగేళ్లు గీసి గీసి పాసయ్యారు. అయినా భక్తి ముందు సిలబస్ ఎంత?

మర్నాడు పసుపూ కుంకుమా పడ్డాయి. ఆ వారమే రాయదుర్గంలో శ్రీలత గారి ఆఫీసులో సగం టీమును ఇంటికి పంపి, ఆవిడను మాత్రం ఉంచారు. ఇక చెప్పాలా? ఉద్యోగాలు గాలిలో దీపాలైన రోజులు. కబురు నానక్‌రామ్‌గూడ దాకా పాకింది. షేర్ ఆటోల్లో దిగి, మెడలో కంపెనీ బిళ్ల తీయకుండానే దండం పెట్టుకుంటున్నారు. తల్లికి పేరు కూడా కుదిరింది, ఎర్తమ్మ.

మూత తీసి మీటరు పెట్టాలని వసంత అడిగితే శ్రీలత గారు చెంపలు వేసుకున్నారు.

"మూత తీయడం కుదరదమ్మా. తల్లికి కోపం వస్తే మా అప్రైజల్స్ ఎవరు చూస్తారు?"

వసంతకు ఒళ్లు మండింది. అది తల్లి కాదు, రాగి పలక అని అరవబోయింది. సాయిలు ఆమె చెయ్యి పట్టుకుని గదిలోకి లాక్కెళ్లాడు. ఆయన ఒంటి మీద కొత్త పట్టు పంచె ఉంది.

"ఇన్నేండ్లు నన్ను ఏయ్ అని పిలిచిండ్రు బిడ్డా. ఇప్పుడు సాయిలు గారూ అంటున్నరు. నా చేతుల తీర్థం తీస్కుంటున్నరు" అన్నాడు. పంచె కుచ్చెళ్లు సర్దుకుని, "అయినా పోయి నిజం చెప్పు. నీ చదువు పోయినంక నాకు గీ గారు ఎందుకు?" అన్నాడు.

వసంత మీటరు పక్కన పెట్టేసింది. నాయిన గౌరవం తీసి పాసైతే ఆ సర్టిఫికెట్టు మొహం ఎలా చూస్తుంది? రాత్రి అంతా ఆలోచించి, నాయినకు ఒక మాట నేర్పింది. తెల్లారాక సాయిలు పట్టు పంచె కట్టుకుని, ఏడాదికోసారి తల్లికి నాడి చూడాలి, చూడకుంటే అరిష్టమని అందరికీ చెప్పాడు. నాడి మాట రాగానే శ్రీలత గారే కొబ్బరికాయ తెచ్చారు.

మూత లేచింది. వసంత లోపలి రాగి పట్టీకి ఒక క్లిప్పు తగిలించి, దూరంగా లాన్‌లో రెండు మేకులు దిగ్గొట్టి, తీగలు కలిపింది. అందరూ చేతులు జోడించి మీటరు వైపే చూస్తున్నారు. అంకె ఒకటి కూడా దాటలేదు. తక్కువుంటే మంచిదేనని చెప్పగానే జనం చప్పట్లు కొట్టారు. అంకె తగ్గదా మరి? రోజూ పాలూ కొబ్బరినీళ్లూ తాగి, మొక్కుల ఉప్పు తిన్న గుంట అది.

సోమవారం అవినాష్ సార్ నమ్మలేదు. కాలేజీ పిట్టే దీనికి పదింతలు చూపిస్తుంది, ఇది దొంగ లెక్క అన్నారు. సాయంత్రం స్వయంగా వచ్చి, తన మీటరుతో కొలిచారు. అదే అంకె. చెప్పులు విప్పి మళ్లీ కొలిచారు. మళ్లీ అదే. పూర్తి మార్కులు అక్కడికక్కడే వేశారు.

"సార్, ఇందులకు పోయిన కరెంట్ ఎక్కడికి పోతది?" అని వసంత మళ్లీ అడిగింది.

సార్ సాయిలు చేతి తీర్థం తీసుకుని, కళ్లకద్దుకున్నారు. "అన్నీ ఆ తల్లికే తెలుసమ్మా" అన్నారు.

ఆయన్ను సాగనంపడానికి గేటు దాకా వెళ్లిన వసంత అక్కడే నిలబడిపోయింది. గేటు పక్క ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఒక పట్టీ దిగి నేలలోకి పోతోంది. అక్కడి గుంట మూత మీదా అవే మూడు గీతలు. ఎర్తమ్మలో దిగిన కరెంటు మట్టిలోంచి నడిచి ఇక్కడ ట్రాన్స్‌ఫార్మర్‌లోకి లేస్తుంది. బయల్దేరిన ఇంటికే తిరిగి చేరుతుంది. భూమి నిండే మాటే లేదు. ఆ ఆనందంలో ఆమె పరుగున వచ్చి ఇదంతా నాయినకు చెప్పింది.

సాయిలు గుంట పక్కన కూర్చుని శ్రద్ధగా విన్నాడు.

"అయితే తల్లి తన కాడ ఏం ఉంచుకోదా?"

"ఏం ఉంచుకోదు నాయినా. పోనీకి తొవ్వ ఇస్తది, అంతే."

సాయిలు మూతను తువ్వాలతో తుడిచి, అటూ ఇటూ చూశాడు.

"గీ ముచ్చట బయట అనకు బిడ్డా. రేపు హుండీ పెడుతున్నరు."