నా పేరుతో వెళ్లిన మార్పు

"నిన్న పంపిన మార్పు మీద నీ పేరెందుకుంది?" అని మా ఆయన అడిగినప్పుడు నేను మాడిన పాలగిన్నె తోముతున్నాను. "పొరపాటున" అన్నాను. నిజంగా పొరపాటే. ఇద్దరిదీ ఒకే ఆఫీసు, అతను టీమ్ లీడ్. నేను ఇంట్లో కోడ్ రాయడం, అతని లాగిన్‌తో పంపడం ఆరేళ్లుగా మా కాపురంలో నడుస్తున్న పద్ధతి. "మొగుడికి పేరొస్తే నీకొచ్చినట్టు కాదా" అనేది మా అత్తగారు. నిన్న జ్వరంలో లాగిన్ మార్చడం మర్చిపోయాను.

అదొక ఆసుపత్రి రిపోర్టుల పేజీ. మా పెళ్లికి ముందెప్పుడో అతను రాసిందే. తెరుచుకోవడానికి నలభై సెకన్లు పట్టేది. పదివేల వరుసల్లో ఒక్కోటి చేర్చినప్పుడల్లా, అంతవరకూ పోగైన అక్షరాలన్నిటినీ మళ్లీ మొదటినుంచీ కాపీ చేయించేవాడు. నేను ముక్కలన్నీ ఒక జాబితాలో వేసుకుని, చివర్లో ఒక్కసారి కలిపాను. రెండు సెకన్లలో తెరుచుకుంది. అతని పోట్లాట కూడా అచ్చం ఆ పాత కోడే. కొత్త తప్పొకటి దొరికితే చాలు, పెళ్లినాటి నుంచీ ఉన్నవన్నీ వరసగా ఏకరువు పెట్టి, ఆ తర్వాతే దాన్ని చేరుస్తాడు.

ఈసారి అంత ఓపిక లేదు. జుట్టు పట్టుకుని నా మొహాన్ని వంటగట్టుకేసి కొట్టాడు. పెదవి చిట్లి నోట్లోకి రక్తం వచ్చింది.

"మీటింగులో మేనేజరు నీ పేరు చదివి చప్పట్లు కొట్టించాడు. నా తల ఎక్కడ పెట్టుకోను?"

మళ్లీ కొట్టాడు. పక్కగదిలోంచి అత్తగారు, "మొహం మీద కొట్టకురా, రేపు ఆఫీసుకెళ్లాలి" అంది. దెబ్బకంటే ఆ మాటకే నాకు ఒళ్లు మండిపోయింది.

కుర్చీలో కూలేసి, ల్యాప్‌టాప్ నా ముందుకు తోసి, ఎడమచెయ్యి వెనక్కి విరిచి పట్టుకున్నాడు. "అది వెనక్కి తీసేసి నా పేరు మీద మళ్లీ పంపు. కుడిచెయ్యి చాల్లే."

ఏ మార్పు పంపినా కారణం రాయాలి. అది టీములో ముప్ఫైమందికీ వెళ్తుంది. అతను తెరవైపు చూడటం లేదు. ఎప్పుడు ఏడుస్తానా అని నా మొహంలోకే చూస్తున్నాడు. నేను ఏడవలేదు. వెనక్కి తీయనూ లేదు. కోడ్‌లో ఒక వరుస సర్ది, కారణం దగ్గర ఇలా టైపు చేశాను.

"ఆ మార్పు నాదే. ఆరేళ్లుగా మా ఆయన పేరు మీద వచ్చినవన్నీ నేను రాసినవే. ఇప్పుడు నన్ను కొట్టి చెయ్యి విరుస్తున్నాడు. పోలీసులను మా ఇంటికి పంపండి."

పంపేశాను. ఆ ముప్ఫైమందిలో అతనూ ఒకడు. బల్ల మీద అతని ఫోన్ మోగింది.

"చదవండి" అన్నాను.