నిన్నటి పులుసు

ఆరో నంబరు బల్ల దగ్గర పెంచలయ్య కూర్చుని ఉన్నాడు. అరిటాకు ముందుకు లాక్కుని, చొక్కా చేతులు మోచేతుల పైకి మడుచుకుని, పొద్దుటి నుంచి మెతుకు ముట్టని మనిషి ఎలా కూర్చుంటాడో అలాగే కూర్చుని ఉన్నాడు, ఆరు నెలల కిందట పోయిన మనిషి మధ్యాహ్నం రద్దీలో వచ్చి ఇలా బల్ల ఆక్రమించడం ఏమిటని కొండయ్యకు తోచడం లేదు, తోస్తున్నదల్లా ఒక్కటే, బావ వచ్చాడు, బావకు ఇంకా ఎవరూ నీళ్లు పెట్టలేదు. గ్లాసు కోసం చెయ్యి చాపితే చేతిలోకి బతికున్న కొరమీను వచ్చి పడుతుంది. దాన్ని గబుక్కున చొక్కాలో దోపుకుని, అది పొట్ట మీద తోకతో ఛెళ్లుఛెళ్లున కొడుతుంటే, ఏమీ జరగనట్టు నవ్వు పులుముకుని బల్ల దగ్గరికి నడుస్తాడు.

"బాగుండావా బావా?" అంటాడు. చచ్చిపోయినవాణ్ణి అడగాల్సిన మాటేనా అది! కానీ పదేళ్లుగా హోటలు హాల్లో నిలబడి వచ్చినవాళ్లందర్నీ పలకరించిన నోరది, ఊరుకోమంటే ఊరుకోదు.

"ఆకలిగా ఉండాదిరా అబ్బయా. పులుసు తే."

ఇది బెంగళూరులో నెల్లూరు భోజనం పెట్టే చెంగమ్మ మెస్సే, గోడలూ బల్లలూ అవే, కాకపోతే హాలు ఎంతకీ ముగియడం లేదు, బల్లల వరస అలా పోయి పోయి మైపాడు సముద్రంలోకి దిగుతుంది, చివరి బల్లల వాళ్లు నడుంలోతు నీళ్లలో కూర్చుని తింటున్నారు, అలలు వచ్చి ఆకులు ఎత్తుకుపోతే మిగిలిన ఆకుల కోసం ఒకరినొకరు నీళ్లలో ముంచుకుంటున్నారు. ఇక్కడ వంట పెంచలయ్యది, హాలు అతని బావమరిది కొండయ్యది, పేరు మాత్రం ఇద్దరి మధ్యా ఉన్న చెంగమ్మది, ఒకరికి భార్య, ఒకరికి అక్క, ఎంత పిలిచినా నెల్లూరు వదిలి రాని మనిషి. తింటున్నవాళ్లకు ముఖాలు లేవు. చేతులున్నాయి, మోచేతుల దాకా ఎర్రటి చేతులు, వాటితో బల్లల్ని గుద్దుతూ అందరూ ఒకే మాట అడుగుతున్నారు, నిన్నటిదా, ఇవాళ్టిదా, నిన్నటిదా, ఇవాళ్టిదా.

"ఇయ్యాల్టిది ఏడిగా ఉండాది బావా. పొయ్యనా?"

"ఇయ్యాల్టిది ఎవుడిక్కావాలిరా? నిన్నటిది తే."

ఈ ఒక్క మాట మీదే కదా ఇంత పనీ జరిగింది. నెల్లూరులో చేపల పులుసు ఇవాళ వండి రేపు తింటారు. ఒక పూట నానితే గాని మామిడికాయ పులుపు ముక్కలోకి దిగదు. ఆ సంగతి అక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు, బెంగళూరులో ఎవరికి తెలుసు? పెంచలయ్య మాత్రం వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, "నిన్నటి పులుసు సార్, తినండి" అని, కూతురికి ఫస్టు ర్యాంకు వచ్చిందని చెప్పినంత గర్వంగా చెప్పేవాడు. ఒకరోజు ఒక పెద్దమనిషి ఆ మాట విని, సగం తిన్న ఆకు వదిలేసి లేచి, ఇక్కడ నిన్నటి చేపలు అంటగడుతున్నారు, పైగా సిగ్గు లేకుండా వాళ్లే చెబుతున్నారు అని, ఫోటోతో సహా ఫోనులో లోకమంతటికీ చాటాడు. వారం తిరిగేసరికి హాలు సగం ఖాళీ. కొండయ్య "తాజా పులుసు" అని బోర్డు రాయించి తగిలించాడు. తాజా పులుసట! పెంచలయ్యకు తల తీసేసినట్టయింది.

ఆ బోర్డు ఇప్పుడు ఆరో నంబరు బల్ల పైనే వేలాడుతోంది. పెంచలయ్య లేచి, దాన్ని మేకులతో సహా పెరికి కొండయ్య వీపు మీద విరుస్తాడు, విరిగిన ముక్కతో మళ్లీ కొడతాడు, ముక్క కూడా పొడి అయిపోయాక చేప జిగురంటిన అరచేత్తో ఎడమ దవడ పగలగొడతాడు. మిగతా దెబ్బల మాటేమో గాని ఈ చివరి దెబ్బ కొండయ్యకు పాతదే. ఆ రోజు కూడా బోర్డు చూసి వచ్చి, తింటున్న జనమంతా తలలెత్తి చూస్తుండగా, బావ ఇలాగే కొట్టాడు. అప్పుడు చెంప మీద అంటుకున్న చేప పొలుసును ఒక కస్టమరు వేలు పెట్టి చూపించి నవ్వాడు, దెబ్బ కన్నా ఆ నవ్వే ఎక్కువ మండింది.

పన్ను ఊడి ఆకులో పడుతుంది. కొండయ్య సిగ్గుతో దాన్ని దాచబోయేలోగా అది మామిడి టెంక అయిపోతుంది, పెంచలయ్య తీసుకుని చీకుతాడు, పెదాల చివర నుంచి ఎర్రగా కారుతుంటే మోచేత్తో తుడుచుకుంటాడు.

"పులుపు చాల్లా," అంటాడు. "రేపటికి గాని దిగదు."

కొండయ్యకు ఒళ్లు మండిపోతుంది. పోయినవాడి మీద కోపం పెట్టుకోకూడదంటారు, వచ్చిన కోపాన్ని ఏం చేసుకోవాలో మాత్రం ఎవరూ చెప్పరు. అతను బావ గొంతు పట్టుకుంటాడు. ఇద్దరూ ఆకుల మీద, అన్నం మీద, కాళ్ల కింద చితికే అప్పడాల మీద దొర్లుకుంటూ, మోకాళ్లతో పొడుచుకుంటూ, ఒకరి జుట్టు ఒకరు పీక్కుంటూ వంటింటి గుమ్మం దాటుతారు, దాటేసరికి కొండయ్య ఒక్కడే బండ ముందు గొంతుకూర్చుని ఉంటాడు, పక్కన గంగాళం నిండా కొరమీన్లు, చొక్కాలో దోపుకున్నది కూడా జారి వాటిలో కలుస్తుంది. కొరమీను తొందరగా చావదు. చేతిలోంచి జారిపోకుండా బూడిదలో పొర్లించి, తల బండకేసి కొట్టాలి. కొడతాడు. దెబ్బ పడగానే చేప నోరు తెరిచి "పట్టు" అంటుంది. ఇంకా గట్టిగా కొడతాడు. తల చితికి బండ మీద గుజ్జవుతుంది, అయినా మొండెం ఎగిరెగిరి పడుతూ అదే మాట, పట్టు, పట్టు, పట్టు. ఒకదాని తర్వాత ఒకటి గంగాళమంతా చంపినా మాట చావదు. కొండయ్య ఏడుస్తున్నాడు, ఏడుస్తూనే కొడుతున్నాడు, మోచేతుల దాకా నెత్తురూ బూడిదా.

"చాల్లే. లేసి దబర పట్టు," అంటాడు పెంచలయ్య వెనక నుంచి.

పొయ్యి మీద పెద్ద దబరలో పులుసు మరుగుతోంది. చేపల పులుసులో గరిటె పెట్టకూడదు, పెడితే ముక్క చితుకుతుంది. చెరో వైపు మసిగుడ్డతో అంచు పట్టుకుని దబర పైకెత్తి, పులుసు గుండ్రంగా తిరిగేలా మెల్లగా కుదపాలి. పదేళ్లు రోజూ ఈ ఇద్దరే కుదిపారు, తిట్టుకుంటూ, నవ్వుకుంటూ, ఒకరి చెయ్యి ఎప్పుడు అలుస్తుందో ఇంకొకరికి తెలిసేట్టుగా. ఆ రోజు కూడా, చెంపదెబ్బ పడ్డ పది నిమిషాలకే, ఇలాగే పట్టుకున్నారు. ఇప్పుడు పెంచలయ్యకు మసిగుడ్డ దొరకదు. నిదానంగా చొక్కా గుండీలు విప్పుతాడు. మెడ కింది నుంచి చర్మం ఊడి వేలాడుతుంది, పదకొండు రోజులు ఆస్పత్రిలో కొండయ్య చూడలేక తల తిప్పుకున్న చర్మం, దాన్నే మడత పెట్టి గుప్పిట్లోకి తీసుకుని దబర అంచు పట్టుకుంటాడు. గోడకున్న ఎగ్జాస్టు ఫాను ఇంటికప్పంత పెరిగి తిరుగుతోంది, పొయ్యిలో మంటలు కూడా దాని వైపే ఈడ్చుకుపోతున్నాయి.

"ఆ పొద్దు నేను ఏమన్నానురా?"

"ఫాను మోత బావా..."

"ఫాన్ని అడగలా. నిన్ను అడుగుతుండా."

"పెట్టు అన్నావు. కింద పెట్టమన్నావు. అందుకే వొదిలినా."

పట్టు, పెట్టు. రెండింటి మధ్యా ఉన్నది ఒక్క ఎత్వం. పోలీసులకు అదే చెప్పాడు, డాక్టరుకు అదే చెప్పాడు, నెల్లూరు నుంచి ఆస్పత్రికి పరుగున వచ్చిన అక్కకు అదే చెప్పాడు, ఫాను మోతలో పట్టు అన్నది పెట్టు అని వినపడి వదిలానని, అంచు పొయ్యి గట్టుకు తగిలి దబర బావ మీదికి బోర్లిందని. వంటింట్లో ఎవరికైనా జరిగేదే కదా అని అందరూ నమ్మారు, ప్రమాదమని రాసుకున్నారు. చెంగమ్మ ఒక్కతే, ఏమన్నాడు, మళ్లీ చెప్పు, అని మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ తడుముకోకుండా చెప్పాడు, ఆ తర్వాత ఆమె అడగలేదు.

"ఇంకోసారి చెప్పు," అంటాడు పెంచలయ్య.

"పెట్టు..."

దబర ఒరుగుతుంది. మరిగే పులుసు కొండయ్య వేళ్ల మీదుగా పారుతుంది, గోళ్లు ఊడి ఉల్లిరేకుల్లా పులుసులో తేలుతాయి, తేలి గుండ్రంగా తిరుగుతాయి.

"ఇంకోసారి."

"పట్టు అన్నావు!" కొండయ్య అరుస్తాడు. "ఇనపడింది బావా, బాగా ఇనపడింది, ఇనపడే వొదిలేసినా! అందరి ముందర కొట్టినావు నన్ను. నీ పులుసు నేలపాలు గావాలనుకున్నా. నువ్వు కాలాలని గాదు. అమ్మ తోడు బావా, నువ్వు కాలాలని గాదు."

"రెండూ ఒక దబర్లోనే ఉండాయి గదరా."

పెంచలయ్య గొంతులో ఇప్పుడు కోపం లేదు. కొట్టినా బాగుండునని కొండయ్యకు అనిపిస్తుంది, ఈ మెత్తటి గొంతు ఎముకల్లోకి దిగుతోంది. ఫాను మోతకు అవతల హాల్లో బల్లలు గుద్దడం ఆగిపోయింది, ఎర్రటి చేతులన్నీ గుమ్మం దగ్గర చేరి వింటున్నాయి.

"ఆ దబరకి రేపు లేకుండా చేసినావు," అంటాడు పెంచలయ్య. "మామిడికాయ దొరక్క నాలుగు బజార్లు తిరిగినా ఆ పొద్దు. నేను రుచి గూడా జూడలా."

"ఇప్పుడు నన్నేం జెయ్యమంటావు బావా? చెప్పినా గదా!"

"నాకు చెప్పేదేందిరా? అన్నది నేనే గదా, నాకు తెలవదా? మీ అక్కకి తెలవదు."

అంటూనే గుప్పిట తెరుస్తాడు. దబర అతని వైపు కాదు, ఈసారి కొండయ్య వైపు పడుతుంది, పడుతూ పెద్దదవుతుంది, ఎర్రగా లేచిన పులుసు సముద్రం గుండెల మీద విరిగి చొక్కానూ చర్మాన్నీ ఒక్కటిగా ఒలుచుకుపోతుంటే, ఊపిరాడక నోరు తెరిస్తే నోట్లోకి కూడా అదే, అంతలో ఫాను మోతను చీల్చుకుంటూ ఆడగొంతు ఒకటి కిందనుంచి వినిపిస్తుంది.

"కొండా! ఇటొచ్చి పట్టు!"

కొండయ్య కళ్లు తెరిచాడు. మెస్సు పై గదిలో, మధ్యాహ్నం భోజనాలయ్యాక నడుం వాల్చిన బియ్యం మూటల మీదే ఉన్నాడు. ఒళ్లంతా చెమట. రెండు చేతులూ గోనెసంచి చెవుల్ని ఎంత గట్టిగా పట్టుకున్నాయంటే వేళ్లు విడదీయడానికి కాసేపు పట్టింది. గోడ గడియారంలో మూడున్నర. కింద ఎగ్జాస్టు ఫాను మోగుతోంది.

చెంగమ్మ నిన్న పొద్దున్నే నెల్లూరు నుంచి దిగింది. ఇక మీదట పులుసు నేనే వండుతా అంది, అంతకు మించి, ఇప్పటి ఈ కేక దాకా, తమ్ముడితో ఒక్క మాట మాట్లాడలేదు. ఇప్పుడు రేపటి పులుసు పొయ్యి మీద పెట్టుకుని, మసిగుడ్డ పట్టుకుని నిలబడి ఉంది. కొండయ్య దిగి వచ్చి రెండో గుడ్డ తీసుకున్నాడు. చెరో వైపూ అంచు పట్టుకుని దబర పైకెత్తారు. పులుసు ఒక చుట్టు తిరిగింది, రెండో చుట్టు తిరిగింది.

"అక్కా," అన్నాడు, దబరలోకే చూస్తూ. "బావ ఆ పొద్దు పెట్టు అన్లా. పట్టు అన్నాడు. నాకు ఇనపడింది."

చెంగమ్మ చేతులు ఆగాయి. ఆమె వైపు అంచు కాస్త పైకి లేచింది, పులుసంతా ఒరిగి కొండయ్య వైపు అంచు దాకా వచ్చింది, వేడి బొట్టొకటి చిట్లి మణికట్టు మీద పడింది. ఆమె అంచు ఇంకాస్త ఎత్తితే చాలు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. కొండయ్య కదల్లేదు, చెయ్యి తియ్యలేదు, కాలితే కాలనీ అనుకున్నాడు. చెంగమ్మ తలెత్తి అతని ముఖంలోకి చూసింది. కళ్లు ఎర్రబడ్డాయి గాని నీళ్లు రాలేదు.

"నిన్నటి నించీ ఈ ఫాను ఆపకుండా తిప్పి జూస్తుండా," అంది. "నీ మాట ఇనపడింది నాకు. అందరి మాటా ఇనపడతానే ఉండాది. పెట్టు."

ఆ మాట స్పష్టంగా వినపడింది. కొండయ్య దబర కింద పెట్టాడు. ఆమె అతని చేతిలోంచి మసిగుడ్డ లాక్కుంది.

"ఇంక నువ్వు ఈ పొయ్యి కాడికి రాబాక," అంది. దబర మీద మూత పెట్టి, దాని మీద రోకలిబండ పెట్టి, రేపటిదాకా ఎవరూ తియ్యొద్దని పనివాళ్లకు కేకేసి చెప్పింది.

కొండయ్య గుమ్మం అవతలికి వచ్చి నిలబడ్డాడు. మణికట్టు మీద బొట్టు పడ్డ చోట బొబ్బ లేస్తోంది. ఏం చేస్తున్నాడో తెలియకుండానే దాన్ని నోటి దగ్గర పెట్టుకున్నాడు. పులుపు చాలలేదు. రేపటికి గాని దిగదు.